ఆరు మిల్లీమీటర్ల బిట్టు

డిప్లొమా రెండో ఏడు దసరా సెలవులకి ప్రత్తిపాడు వచ్చేసరికి, మా వెనక వసారాలో నా వర్క్‌షాపు ఆస్తి ఇది: చేత్తో తిప్పే సానరాయి ఒకటి, హ్యాండ్ డ్రిల్లు ఒకటి, ఇనుము కదలకుండా పట్టుకోడానికి బల్లకి బిగించిన వైసు ఒకటి, మొద్దుబారిన ఆరు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్లు మూడు. ఇది సాయంత్రం నాలుగింటి లెక్క. అయిదింటికి బిట్టు ఒక్కటే మిగిలింది.

పక్కింటి బాబాయి స్ప్రేయరుకి పంపు కొట్టే చేతి పట్టీ విరిగింది. మిరపతోటకి పురుగు పట్టింది, తెల్లారేసరికి మందు కొట్టాలి. కొత్త ఇనప పట్టీకి రెండు బెజ్జాలు వేసిస్తానని నేనే మాటిచ్చాను. వెయ్యలేకపోతే ఆయన బస్సెక్కి గుంటూరు వెళ్ళాలి. అంటే ఒక రోజు పురుగుకి వదిలేసినట్టే.

అమ్మ సానరాయి తిప్పుతోంది. నేను బిట్టు ఆనించి పదును పెడుతూ, అట్టముక్కతో చేసుకున్న కొలత పెట్టి చూస్తున్నాను. కొన దగ్గర నూట పద్దెనిమిది డిగ్రీలు. పుస్తకంలో అంతే, నాకూ అంతే వచ్చింది. కానీ పట్టీ మీద పెడితే బిట్టు కీచుమంటుందే గాని రవ్వంత ఇనుము రాలదు. గట్టిగా నొక్కితే మొదటిది విరిగింది. రెండోది సానమీదే నీలంగా కాలి పాడైంది. మూడోది కూడా కీచుమంది.

“పరీక్షలో ఇదే రాశావా?” అంది అమ్మ.

“కోణం సరిగ్గానే ఉందమ్మా.”

“ఉంటే ఉంది. బెజ్జం ఏదీ?”

గోడకి చేరబడి వేరుశనక్కాయలు ఒలుస్తున్న బాబాయి లేచి వచ్చి, బిట్టుని వెలుతురులో తిప్పి చూశాడు.

“ఏరా ఇంజినీరూ, అంచు వెనకాల మెరుస్తోంది చూడు. అక్కడ రాసుకుంటోంది. కర్రు మడమ నేలకానితే నాగలి దిగుద్దా? జారిపోద్ది.”

“మరేం చెయ్యాలి బాబాయ్?”

“వెనక తగ్గించు. మీ మాస్టార్లు చెప్పలేదా?”

చెప్పారు. క్లియరెన్స్ కోణం, అంటే అంచు వెనక వాలు, పన్నెండు డిగ్రీలు. ఆ బొమ్మకి నాకు పూర్తి మార్కులు కూడా వేశారు. అది నా చేతిలో ఉన్న బిట్టు బొమ్మేనని మాత్రం నాకు తట్టలేదు.

ఒక్కో అంచు వెనక కాస్త కాస్త అరగదీస్తూ, మధ్యమధ్య నీళ్ళ చెంబులో ముంచాను. డ్రిల్లు తిప్పాను. బిట్టుకున్న రెండు గాడుల్లోంచి రెండు ఇనప చుట్టలు ఒకేసారి, ఒకే పొడవున లేచాయి.

“ఇనప జంతికలు,” అంది అమ్మ. ముగ్గురం నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాం.

రెండో బెజ్జం కూడా పడింది. బాబాయి పట్టీ బిగించి, ఖాళీ స్ప్రేయరు వీపున వేసుకుని, పంపు చెయ్యి ఎత్తుతూ దించుతూ పెరడంతా తిరిగాడు. నాకు చెయ్యి ఆగలేదు. తరవాత బెజ్జాలు పడినవి: సైకిలు మడ్‌గార్డు, తలుపు గొళ్ళెం, బాబాయి బెల్టు (ఆయనే అడిగాడు), అమ్మ తెచ్చిన ఇనప గరిటె. గరిటెకి ఇరవై మూడు బెజ్జాలు. ఇక దాంతో పులుసు వడ్డించడం కుదరదని ఇరవై నాలుగోదానికి ముందు అమ్మకి గుర్తొచ్చింది.

చివరికి పార మీద పెట్టేసరికి బిట్టు మళ్ళీ కీచుమంది. మొద్దుబారిపోయింది. అంత సంతోషం నాకు ఫస్ట్ క్లాసు వచ్చినప్పుడు కూడా కలగలేదు.

“అమ్మా,” అన్నాను, “సానరాయి తిప్పు.”