దయచేసి ఎవరూ మెచ్చుకోవద్దు

మా బాబాయికి ఫోన్‌లో టైపు చేయడం చేతకాదు. ఏళ్ళ తరబడి మిరప చేలో అరిగిపోయిన ఆయన వేలిని ఫోన్ వేలుగా గుర్తించదు. అందుకని అద్దంకి దగ్గర మా ఊళ్ళో ఆయన గిత్తకు ఫోటోలు తీయడం, వాటిని వాట్సాప్ గ్రూపులో పెట్టడం, వచ్చిన మాటలు చదివి వినిపించడం, జవాబులు రాయడం నా ఉద్యోగమైంది. వారమంతా మంగళగిరిలో ఒక మేనేజరు కింద, శని ఆదివారాలు ఒక ఎద్దు కింద పనిచేసేవాణ్ణి. ఇద్దరిలో ఎద్దే మర్యాదస్తుడు.

ఆ గ్రూపు గిత్తల పిచ్చివాళ్ళది. రెండు గిత్తలను కాడికి కట్టి నేలమీద బండరాయిని లాగించే పందేలంటే ప్రాణాలిచ్చే మనుషులు. ప్రాణాలు ఎద్దులవి అనుకోండి. అడ్మిన్‌కు పురుగుమందుల కొట్టుంది. గ్రూపులో చేరగానే ఆయన పెట్టే మొదటి మెసేజ్ ఇది: "దయచేసి ఎవరూ మెచ్చుకోవద్దు. ఏదో ఒక లోపం చెప్పి వెళ్ళండి."

మెచ్చుకుంటే దిష్టి తగులుతుంది. కాబట్టి ఎవరైనా గిత్త ఫోటో పెడితే పెద్దమనుషులు వరసగా వచ్చి తిట్టిపోవాలి. మామూలు గిత్తకు తోక పొట్టి అంటారు. కాస్త బాగున్నదానికి మూపురం ఒరిగిందంటారు. జిల్లాలో పేరు మోసినదాని ఫోటో పడితే, "ఇది గిత్తేనా, గేదేమో చూసుకోండి" అంటారు. దాని యజమాని ఆ మాటను పదిమందికీ వినిపించి మురిసిపోతాడు. ఎంత పెద్ద లోపం చెబితే అంత పెద్ద గౌరవం. "పర్లేదు" అన్నారంటే మాత్రం మీ గిత్తను ఎవరూ లెక్కచేయలేదని అర్థం.

ఒకసారి విజయవాడ కుర్రాడొకడు తెలియక ఎవరిదో గిత్త ఫోటో కింద "సూపర్ అన్నా" అని పెట్టాడు. ఆ సాయంత్రమే దానికి కడుపు ఉబ్బింది. గ్రూపంతా కుర్రాడి మీద పడింది. వాడిచేత "థూ థూ" అని ఉమ్మించి వాయిస్ మెసేజ్ పంపించుకునేదాకా వదల్లేదు. అవతల గిత్తకు ఎండు మిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేశారు. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు లెక్క. గుంటూరు మిరపకాయ కాలితే ఘాటు రాకుండా ఎలా ఉంటుంది? వీధంతా దగ్గింది. "అయితే దిష్టి లేదన్నమాట" అన్నాను. "నువ్వు నోరుముయ్, అది కోల్డ్ స్టోరేజీ కాయ, దాని ఘాటు లెక్కలోకి రాదు" అన్నాడు బాబాయి. కుర్రాడి మీద పెట్టిన నేరాన్ని మాత్రం ఎవరూ కొట్టేయలేదు.

బాబాయి అప్పటిదాకా పరాయి ఎద్దుల వెనక పరిగెత్తినవాడే. వాటి మీద నీళ్ళు చల్లాడు, తువ్వాలు ఊపాడు, అరిచి అరిచి గొంతు పాడుచేసుకున్నాడు. గెలిచినప్పుడు ఫోటోలో చివరి మనిషి ఆయనే. సగం భుజం కనిపించేది. ఆయనకున్నది ఒక్కటే కోరిక. సొంత కొట్టంలో పుట్టిన ఈ గిత్తను శివరాత్రి తిరునాళ్ళలో బండకు కట్టాలి. దానికి జోడీగా ఇంకొక గిత్తను కొని తెచ్చాడు కూడా. తెచ్చినదాన్ని చూసేటప్పుడు ఆయన ముఖంలో బేరం కనిపించేది. పుట్టినదాన్ని చూసేటప్పుడు ఆ ముఖం చూడలేక నేను ఫోన్ చూసుకునేవాణ్ణి.

ఫోటో పెట్టగానే లోపాలు బాగానే వచ్చాయి. చెవులు దొప్పల్లా ఉన్నాయని ఒకరు, నడుము కుంగిందని ఒకరు. ఆ వరసలో గుంటూరు నుంచి ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు రాశాడు: "కుడి ముందు కాలు పూర్తిగా ఆనించడం లేదు. డాక్టరుకు చూపించండి."

చదివి వినిపించాను. బాబాయి ముఖం వెలిగిపోయింది.

"కాలు దాకా వచ్చాడంటే చూడరా, ఎంత నచ్చిందో! అందరూ చెవులూ తోకలే. ఈయన పెద్దమనిషి. దణ్ణం బొమ్మ పెట్టు."

పెట్టాను. తరవాతి ఫోటోకు మాస్టారు మళ్ళీ అదే రాశాడు. వీడియో పెడితే, "తిరిగేటప్పుడు బరువంతా ఎడమ కాలి మీదే వేస్తోంది, గమనించండి" అన్నాడు. దాని కింద ఇంకొకాయన, "మాస్టారు ఇంతగా ఎవరి గిత్తనూ గౌరవించలేదు" అని రాశాడు. బాబాయి దణ్ణాలు రెట్టింపు చేయించాడు.

పాపం మాస్టారు జన్మంతా పిల్లలు పరిగెత్తుతుంటే కాళ్ళు చూసిన మనిషి. ఆయనకు దిష్టి మర్యాద పట్టుబడలేదు. చివరికి ఉండబట్టలేక ఫోన్ చేశాడు. బాబాయి స్పీకర్ పెట్టించాడు.

"ఏమండీ, నేను మర్యాదకు అనడం లేదండీ. నిజంగానే ఆ కాల్లో ఏదో తేడా ఉంది."

"మీ అభిమానం మాస్టారూ."

"అభిమానం కాదండీ బాబూ. దాన్ని ఇప్పుడు బండకు కట్టొద్దు."

"అంతమాట అన్నారు, చాలు. మా గిత్త ధన్యమైపోయింది."

"పోనీ ఒకసారి ఎక్స్‌రే..." అన్నాడాయన.

"తప్పకుండా మాస్టారూ. తిరునాళ్ళకు రండి, భోజనం మా ఇంట్లోనే," అన్నాడు బాబాయి. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి, "ఎక్స్‌రే అంట! ఎవరన్నా ఇంతలా దిష్టి తీస్తారంట్రా? తోడబుట్టినోడైనా తీయడు" అన్నాడు.

శివరాత్రినాడు గిత్తలను బండకు కట్టారు. రెండూ బాగానే లాగాయి. మైకులో వ్యాఖ్యాత బాబాయి ఇంటిపేరును ఇష్టమొచ్చినట్టు సాగదీశాడు. బాబాయి మొదటిసారి సొంత ఎద్దుల పక్కన పరిగెత్తాడు. వెనక తువ్వాలు ఊపడానికి వేరే ఎవరో ఉన్నారు. చివరి గీత దగ్గర జతను వెనక్కి తిప్పుతుండగా మా గిత్త కుడి ముందు కాలు మడతపడింది. మోకాళ్ళ మీద కూలబడి, కాడితో పాటు రెండోదాన్ని కూడా కిందికి లాగింది. మైకు ఒక్క క్షణం ఆగి, "తరవాతి జత సిద్ధంగా ఉండవలెను" అంది.

గిత్తను లారీ ఎక్కించి ఇంటికి చేర్చేలోపే గ్రూపు విచారణకు కూర్చుంది. ఎవరో మెచ్చుకున్నారు, ఎవరు? పాత మెసేజ్‌లన్నీ తవ్వారు. మెచ్చుకున్నవాడు ఒక్కడూ దొరకలేదు. దొరికింది మాస్టారే. అన్నిసార్లూ కాలే అన్నాడు, కాలే పోయింది. నాలుక మీద మచ్చ ఉన్నవాళ్ళు అన్నది జరుగుతుందని మనవాళ్ళ నమ్మకం. అడ్మిన్ వాయిస్ మెసేజ్ పెట్టాడు: "మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఒక్కసారి నాలుక ఫోటో పెట్టండి."

క్రమశిక్షణ గల మనిషి. పెట్టాడు.

"సరిగా కనిపించట్లేదు, లైటేసి తీయండి" అన్నారొకరు. మళ్ళీ తీశాడు. "ఇంకాస్త బయటికి చాపండి సార్." చాపాడు. గిత్తల మీద అలవాటైన కళ్ళు కదా, నాలుకనూ అలాగే చూశారు: పచ్చగా ఉందనీ, అరుగుదల సరిగా లేనట్టుందనీ, అంచులు బాగాలేవనీ. పెట్టిన ఫోటో ఏదైనా లోపం చెప్పకుండా పోవడం వాళ్ళకు చేతకాదు. మచ్చ మాత్రం కనిపించలేదు. గ్రూపు చిన్నబుచ్చుకుంది. మాస్టారు కింద రాశాడు: "మచ్చ లేదు. కాలికి ఎక్స్‌రే తీయించారా?" దణ్ణం బొమ్మ పెట్టబోయి, అక్కడ బాగుండదని మానేశాను.

మర్నాడు పశువుల డాక్టరు వచ్చి కాలు నొక్కి చూశాడు. బాబాయితో, "చూద్దాం పెద్దాయనా, వాడదాం మందులు" అన్నాడు. నన్ను బండి దగ్గరికి పిలిచి, కీలు చాన్నాళ్ళ నుంచే అరిగి ఉందనీ, ఇది జన్మలో ఇక కాడి మోయదనీ చెప్పాడు. "ఎలా చెబుతావో నువ్వే చెప్పు" అని కిక్కు కొట్టాడు. నాకు చెప్పడం వచ్చింది ఒక్క జోకులోనే. కొట్టందాకా నడిచాను, జోకు రాలేదు. "మందులు వాడమన్నాడు బాబాయ్" అన్నాను.

డాక్టరు వెళ్తూ వెళ్తూ అడ్మిన్ పురుగుమందుల కొట్టు దగ్గర ఆగాడు. అంటే గ్రూపుకు తెలిసింది.

ఆదివారం పొద్దున గిత్తకు ఉలవలు నానబెట్టి, కట్టు మార్చి, బాబాయి ఉత్సాహంగా అన్నాడు: "ఒరే అబ్బాయ్, ఒక ఫోటో తీసి పెట్టరా. లేచి నిలబడిందిగా. ఏమంటారో చూద్దాం."

పెట్టాను. క్షణం కూడా ఆగలేదు.

"ఏమంటున్నారు?"

తెరమీద వరసగా పడుతున్నాయి. ఎంత అందమైన గిత్త. ఇలాంటిది జిల్లాలోనే లేదు. రాజు లాంటిది అన్నా. సూపర్. సూపర్.

"కొమ్ములు వంకరంట," అన్నాను.

"ఎవరు?"

"ఒంగోలాయన. ఇంకొకాయన డొక్కలు ఎండిపోయాయంటున్నాడు."

"ఊఁ. కట్టు మీద ఉంది గదా, ఎండకేం చేస్తాయ్?" బాబాయి తృప్తిగా గిత్త వీపు నిమిరాడు.

అంతలో ఫోన్ మోగింది. అడ్మిన్. ఓదార్పు టైపు చేస్తే సరిపోదనుకున్నాడు కాబోలు. నేను ఎత్తగానే బాబాయి ఫోన్ లాక్కుని చెవికి ఆనించుకున్నాడు. ఆ కొట్టాయనది స్పీకర్ అక్కర్లేని గొంతు.

"అన్నా, ఏం గిత్త అన్నా అది! ఆ మూపురమూ, ఆ గంగడోలూ, ఆ నడకా! నా సర్వీసులో అంత చక్కటి గిత్తను చూళ్ళేదన్నా."

బాబాయి చెయ్యి గిత్త వీపు మీద ఆగిపోయింది.

"ఏరా," అన్నాడు, "అంతమాట అనేశావేందిరా?"

"నిజంగా అన్నా. దేవుడి సాక్షిగా, ఒక్క లోపం లేదు."

"నీకేం అన్యాయం చేశాన్రా నేను?"

బాబాయి ఫోన్ నాకిచ్చేశాడు. కట్ చేసే బటన్ ఆయన వేలికి పలకదు, నేనే నొక్కాను.

"డాక్టరు నీకు చెప్పాడా?"

"చెప్పాడు."

"కొమ్ములు వంకరని ఎవడూ అన్లేదా?"

"అన్లేదు బాబాయ్."

తలూపాడు. లేచి వెళ్ళి ఉలవల తొట్టి ఎత్తాడు. గిత్త అలవాటుగా మెడ చాపింది. బాబాయి దాన్ని దాటుకుని వెళ్ళి తొట్టిని కొని తెచ్చినదాని ముందు పెట్టాడు.

"దానికి గడ్డి వెయ్," అన్నాడు, వెనక్కి చూడకుండా.