పట్టపగలు చుక్కలు చూసే మనిషి

మా బాబాయి కళ్లజోళ్ల దుకాణంలో వెనక గదిలో పనిచేస్తాడు. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేములో కూర్చునేలా అంచు అరగదీయడం ఆయన పని. ఆ గదికి కిటికీ లేదు. ఎనిమిదో తరగతితో చదువు ఆపించి తాతయ్య ఆయన్ని అక్కడ కూర్చోబెట్టాడట. ముప్పై రెండేళ్లయింది. రాత్రి తొమ్మిదయ్యేసరికి కళ్లు మండుతున్నాయంటూ పడుకుంటాడు. అంచేత ఆయన ఆకాశం చూసేది మధ్యాహ్నం, భోజనానికి ఇంటికొచ్చినప్పుడు, మా పాత కంప్యూటర్లో.

ఆకాశాన్ని చూపించే ఆ ప్రోగ్రాములో పగటి వెలుగుని, నేలని తీసేసే వీలుంది. బాబాయి రెండూ తీసేస్తాడు. అప్పుడు సూర్యుడు కూడా నల్లటి తెర మీద చిన్న బిళ్లలా మిగులుతాడు. కుడిచేత్తో తింటూ ఎడంచేత్తో మౌస్ తిప్పుతూ శనిగ్రహం దాకా వెళ్లొస్తాడు.

"మీ బాబాయికి పట్టపగలే చుక్కలు కనిపిస్తున్నాయమ్మా" అని దుకాణం యజమాని నన్ను ఆటపట్టిస్తాడు.

మా అమ్మాయికి ఏడేళ్లు. చిన్నతాతకి ఆకాశమంతా నోటికొచ్చని బళ్లో చెప్పేసింది. హెడ్‌మిస్ట్రెస్ గారు ఆయన్ని పిలిపించారు. వచ్చే గురువారం సాయంత్రం నాలుగూ పదికి చంద్రుడు అడ్డొచ్చి శుక్రగ్రహాన్ని మూసేస్తాడని, పగలే కనిపిస్తుందని బాబాయి చెప్పాడు. "బాగా జరిగితే నెలకోసారి మీరే వచ్చి పాఠం చెప్పండి" అన్నారామె. పాఠం అన్న మాటని ఆయన మూడు రోజులు నోట్లో చప్పరిస్తూ తిరిగాడు. చొక్కా ఇస్త్రీ చేయించాడు. పూట సెలవు పెట్టాడు.

నాకు మాత్రం స్థిమితం లేదు. నలభై మంది పిల్లల్ని నిలబెట్టి ఆకాశంలోకి చూడమంటున్నారు. నా కూతురు వద్దన్న వైపే చూసే రకం. ఎండ తగిలి కంటి లోపలి పొర కాలినా నొప్పి తెలియదని చదువుకున్నదాన్ని. ఆ చదువు లేకపోతే హాయిగా ఉండేదాన్ని. బడి గోడ నీడలో నిలబెడితే సూర్యుడు గోడ వెనకే ఉంటాడని బాబాయి అన్నాడు. ఆ మాట నాకు చాల్లేదు. గురువారం మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని నేలనీ వెలుగునీ మళ్లీ పెట్టి, సమయం నాలుగూ పది చేశాను.

తెరంతా చీకటి. సూర్యుడు అప్పటికే అస్తమించాడు. కానీ మా డాబా మీద ఆ వేళకి ఇంకా ఎండ ఉంటుంది, రోజూ బట్టలు తీసేదాన్ని నేనే.

ఊరి పేరు చూశాను. మనది కాదు, ఎక్కడో తూర్పున సముద్రం అవతలిది; గడియారం మాత్రం మనదే. రెండు నెలల కిందట కంప్యూటర్ మొరాయిస్తే అంతా చెరిపేసి మళ్లీ ఎక్కించింది నేను. ఊరు మార్చడం మరిచిపోయాను. వెలుగూ నేలా తీసేసి చూసే మనిషికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? చంద్రుడు మనకి దగ్గరగా ఉంటాడు. చేయి చాపి బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను తర్వాత ఇంకో కన్ను మూస్తే వేలు పక్కకి జరిగినట్టే, ఊరు మారితే చంద్రుడూ జరుగుతాడు. సరైన ఊరు పెట్టాను.

బాబాయి చొక్కా నలుగుతుందని నిలబడే తింటున్నాడు.

"బాబాయ్, మూయడు."

"ఎవరు?"

"చంద్రుడు. నాలుగున్నరకి పక్కనుంచి పోతాడు. ఊరు తప్పు పెట్టాను, నేనే."

ఆయన కంచం కింద పెట్టాడు. "ఎంత తేడా?"

"అర చంద్రుడంత."

"అద్దమైతే అరగదీసి కూర్చోబెట్టేవాణ్ణి" అన్నాడు. "పోనీ, వెళ్లకపోతే?"

"జ్వరమని ఫోన్ చేసేస్తాను."

ఆయన ఫోన్ వైపు చూశాడు. "వద్దులే. పాప గేటు వైపే చూస్తూ ఉంటుంది."

గోడ నీడలో పిల్లల ముందు నిలబడి, "మూసేస్తాడని చెప్పాను. మూయడు. నా లెక్క తప్పింది" అన్నాడు. నా పేరెత్తలేదు.

"మరెందుకొచ్చాం?" అంది ముందువరసలో ఒక పిల్ల.

బాబాయి అప్పటికే పైకి చూస్తున్నాడు. గోడకి చాలా ఎత్తున పల్చటి చంద్రుడు, పక్కనే సూదిమొనంత తెల్లటి చుక్క. తెర మీద వెయ్యిసార్లు చూసినదాన్ని బయట చూడడం అదే మొదలు. "అదుగో" అని, పిల్లల సంగతే మరిచిపోయాడు. వాళ్లు "ఎక్కడ, ఎక్కడ" అని తోసుకున్నారు. నేను నా కూతురి కాలర్ వదల్లేదు. హెడ్‌మిస్ట్రెస్ గారు "కబురు చేస్తాను" అని మాత్రం అని వెళ్లిపోయారు.

పదకొండు రోజులు కబురు లేదు. బాబాయి కంప్యూటర్ ముట్టుకోలేదు. "ఫోన్ మోగుతోందో లేదో, ఒకసారి చెయ్యమ్మా" అని నాచేత చేయించుకునేవాడు. పాపని దింపినప్పుడల్లా నేను ఆవిడ గది ముందు నుంచి తలొంచుకుని జారుకునేదాన్ని.

పన్నెండో రోజు లోపలికెళ్లి అంతా చెప్పేశాను.

"ఆయన తన తప్పన్నారే" అన్నారామె.

"కాదండీ, నాది."

"మీరేం చదివారు?"

"ఫిజిక్స్. ఎమ్మెస్సీ."

"ఎమ్మెస్సీ చదివి ఊరు చూసుకోలేదా?" నేను నేల చూపులు చూశాను. ఆమె క్యాలెండర్ తిప్పారు. "ఇరవై ఒకటిన రమ్మనండి. ఏం చూపిస్తారో రెండు రోజుల ముందే మీరు సరిచూసి, కాగితం మీద సంతకం పెట్టి పంపండి."

బయటికొచ్చి దుకాణానికి ఫోన్ చేశాను. వెనకాల అరగదీసే మిషన్ చప్పుడు ఆగింది.

"పాఠమే అన్నారా?"

"పాఠమే బాబాయ్."

మిషన్ మళ్లీ తిరిగి, ఆగింది. తర్వాత, "ఆ రోజు మబ్బు పడితే?" అన్నాడు.

సంతకం పెట్టిన కాగితం మొన్ననే పంపాను, ఇవాళ ఇరవై ఒకటి. పొద్దుటినుంచీ ఆకాశం వైపే చూస్తున్నాను.