తిట్లు తిన్న మందారం

పోలవరం అవతలి మా పాత ఊళ్లో చిట్టెమ్మత్త నోటికి భయపడని వాళ్లు లేరు. ఆమె వాకిట్లో ముద్దమందారం ఉండేది. పెళ్లయిన ఏడాది సత్తియ్య మావయ్య నాటిన చెట్టు. ఆయన పోయాక దానికి ఎదురుగా కూర్చుని టీ తాగితేగాని ఆమెకు తెల్లవారేది కాదు. పూలు అడిగితే దోసెడు ఇచ్చేది. కొమ్మ మాత్రం చచ్చినా ఇచ్చేది కాదు.

పెళ్లయి నిడదవోలు వచ్చేసే ముందురోజు నేనా కొమ్మను దొంగిలించాను. పట్టుబడ్డాను కూడా. "ఓసి దొంగమొహమా! నీ చేతులు పడిపోనూ!" అంటూ వీధి చివరిదాకా తరిమింది. ఆ తిట్లతో సహా తెచ్చి నాటిన కొమ్మ ఇవాళ మా గోడ దాటింది.

తర్వాత ప్రాజెక్టు కింద ఊరు ఖాళీ అయింది. చిట్టెమ్మత్తకు జంగారెడ్డిగూడెం వైపు కాలనీలో ఇల్లొచ్చింది. వెంట తెచ్చుకున్న మూడు కొమ్మలూ ఆ గ్రావెల్ నేలలో ఎండిపోయాయి. ఇంకోటి తెచ్చుకుందామంటే చెట్టు నీళ్ల కింద ఉంది.

పోయిన శ్రావణంలో ఒక పొద్దున ఆమె మా గేటు ముందు ప్రత్యక్షమైంది. నన్ను పలకరించనైనా లేదు. నేరుగా చెట్టు దగ్గరికి వెళ్లి ఒక పువ్వును అరచేతిలోకి తీసుకుంది.

"అదేనే వినీలా. మీ మావయ్య చెట్టే."

అంత నోరుగల మనిషి గొంతు అంత చిన్నదవడం నేనెప్పుడూ వినలేదు.

"ఎన్ని కొమ్మలు కావాలత్తా? కత్తెర తెస్తానుండండి."

"వద్దే. నా చెట్టని దర్జాగా కోసుకుంటే మూడూ చచ్చాయి. నువ్వు దొంగిలించిందే బతికింది. లోపలికెళ్లి టీ పెట్టు."

కావాలనే ఆలస్యం చేశాను. బయట కొమ్మ విరిగిన చప్పుడయింది. టీ తెచ్చేసరికి ఆమె కొంగు కింద చెయ్యి దాచుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. వెళ్లదే!

"తిట్టవే," అంది. "ఆ రోజు నేను తిట్టినట్టు తిట్టు. లేకపోతే వేరు పట్టదు."

"ఓసి దొంగమొహమా..." అని వీధంతా వినబడేలా మొదలుపెట్టాను. ఆపైన ఏడుపొచ్చింది. "చేతులు పడిపోనూ, అనాలే," అని ఆమే అందించింది. ఆ చేతులు పట్టుకున్నాను గానీ ఆ మాట మాత్రం అనలేకపోయాను.

నెల తర్వాత ఫోన్ చేసింది.

"చిగురేసిందే. ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాను."

"సగం తిట్టుకే బతికిందన్నమాట!" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు.

"అన్నీ బానే ఉన్నాయే. మీ మావయ్యకే ఈ ఇల్లు తెలీదు."