ఖాళీ జీపులో చిన్నమ్మ

మొన్న బుధవారం పొద్దున స్కూటరులో పెట్రోలు పోయించుకుందామని కోయిలకుంట్లలో నంద్యాల రోడ్డు మీదున్న బంకుకు వెళ్ళాను. బంకుకు కొంచెం ముందు రోడ్డు వాలుగా ఉంటుంది, అక్కడ ఇంజను ఆపేసి జారుకుంటూ పోవడం నాకు అలవాటు. చుక్క పెట్రోలు మిగిల్చి ఏ మేడలు కడతావు మామా అని మా కోడలు ఎగతాళి చేస్తుంది గానీ, బతుకంతా స్టీరింగు ముందు కూర్చున్నవాడికి అది పోయే జబ్బు కాదు. రేటు బోర్డు మీద ఎర్రటి అంకెలు మళ్ళీ మారి ఉన్నాయి. నా ముందున్న వాళ్ళంతా ఒకసారి తలెత్తి చూసి, ఎవరి మీద కోప్పడాలో తెలియని మొహాలతో జేబుల్లో చేతులు పెడుతున్నారు.

బంకు గోడ నీడలో నంద్యాలకు పోయే ఆటో ఒకటి ఆగి ఉంది. అందులో ఒక్క ముసలామె మాత్రం, ఒళ్ళో ఆసుపత్రి కాగితాల సంచి పెట్టుకుని కూర్చుంది. పన్నెండు లోపల చీటీ రాయించుకోకపోతే డాక్టరు చూడడని ఆమె చెబుతోంది. డ్రైవరుకు ముప్పై ఏళ్ళుంటాయేమో, ఆమె మాట వింటూనే కళ్ళు మాత్రం బోర్డు మీద పెట్టుకున్నాడు.

"ఇంగో ఐదుమందన్నా ఎక్కితే గానీ కదల్లేనవ్వా. డీజిల్ యాడికి పోయిందో సూసినావు గదా."

నేను స్కూటరును పక్కకు తీసి స్టాండు వేసి, పోయి ఆ ఆటోలో ఆమె పక్కన కూర్చున్నాను. నంద్యాలలో నాకు ఏ పనీ లేదు. ఎవరో చూసి ఇంట్లో చెప్పినట్టున్నారు, నాయనకు మతి తప్పుతోందేమో ఒకసారి డాక్టరుకు చూపిద్దామని నా కొడుకు అన్నాడట. ఎందుకు కూర్చున్నానో వాళ్ళకు చెప్పలేదు. జీపుల కాలం చూసిన మీలాంటి వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

ఆ బంకుకు ఎదురుగా, ఇప్పుడు సెల్‌ఫోను దుకాణాలు వరుసగా ఉన్న చోట, ఒకప్పుడు మా జీపుల స్టాండు ఉండేది. పెండ్లయిన కొత్తలో అప్పు చేసి పాత జీపు ఒకటి కొని నేనూ ఆ స్టాండులో చేరాను. స్టాండు మొదట్లో టీ అంగడి, దాని పక్కన గోనెపట్ట మీద గంప పెట్టుకుని ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్మే మా చిన్నమ్మ. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. అమ్మ చెల్లెలైన ఈమె, పెండ్లయిన మూడేళ్ళకే భర్తను పోగొట్టుకుని, పిల్లలు లేక, నన్నే కొడుకుగా పెంచింది. ఆదివారం చర్చిలో కానుక పళ్ళెం ముందుకు వచ్చినప్పుడు చిల్లర వేసి, నా బండికి ఏమీ కాకూడదని గొణుక్కోవడం పక్కన కూర్చున్న నాకు వినబడేది.

జీపులెక్కిన వాళ్ళకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. ఖాళీ జీపులో ఎవరూ ఎక్కరు. ఎక్కితే అది నిండేదాకా గంటసేపు ఎండలో ఉడకాలని అందరికీ తెలుసు. సంచులు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతారు, టీ తాగుతారు, ఇద్దరు ముగ్గురు కూర్చున్న బండి కనబడితే మాత్రం పరిగెత్తుకొచ్చి ఎక్కుతారు. అందుకని డ్రైవర్లం ఒకరి బండిలో ఒకరం ప్రయాణికుల్లాగా కూర్చునేవాళ్ళం, బండి నిండగానే దిగిపోయేవాళ్ళం. ఆ పనిలో మా చిన్నమ్మను మించినవాళ్ళు లేరు. నా వంతు వచ్చిందంటే గంపను టీ అంగడామెకు అప్పజెప్పి, కొంగు సర్దుకుని, మధ్య సీటులో కిటికీ పక్కన కూర్చునేది. ఊరికే కూర్చోవడం కాదు, మొహం చిట్లించుకుని నన్ను కసురుకునేది కూడా.

"ఏమప్పా, ఇంగెంతసేపు? ఆడ పెండ్లి అయిపోతాండాది, ఈడనే కూసోబెట్నావు!"

నేను అయిపోయిందమ్మా, ఇద్దరొస్తే పోదామని బతిమాలుకునేవాణ్ణి. బండి నిండాక, చిన్నమ్మా నీ గంప కాడ ఎవరో నిలబడుండారు సూడు అనేవాణ్ణి. అది మా ఇద్దరి గుర్తు. అయ్యో నా గంప అనుకుంటూ ఆమె దిగిపోయేది, ఆ సీటులో ఇంకొకరు కూర్చునేవాళ్ళు. రోజూ తిరిగేవాళ్ళకు ఈ నాటకం తెలుసు, లోపల నవ్వుకునేవాళ్ళు గానీ ఒక్కరూ బయట పెట్టలేదు. ఏ పెండ్లికమ్మా ఈ పొద్దు అని కావాలని అడిగేవాళ్ళు మాత్రం ఉండేవాళ్ళు, ఆమె రోజుకొక ఊరి పేరు చెప్పేది.

డీజిలు అప్పుడు చౌక అని నేననను. చౌకగా ఉన్నప్పుడు కూడా మేము ఏడ్చుకుంటూనే పోయించుకున్నాం. కానీ ఒకసారి రేటు పెరిగితే మళ్ళీ పెరగడానికి చాలా కాలం పట్టేది, అంతలో మనిషి అలవాటు పడేవాడు. ముసలివాళ్ళను రోడ్డు మీద దింపకుండా ఊరి లోపల ఇంటి గడప దాకా తీసుకుపోయేవాళ్ళం. దారిలో గోస్పాడు దాటాక ఎండలో నడిచిపోయే ఆడవాళ్ళు కనబడితే, ఎక్కండమ్మా అని ఊరికే ఎక్కించుకున్న రోజులున్నాయి. చిన్నమ్మ కూడా నెలకొకసారి నిజంగానే నంద్యాలకు వచ్చేది, అమ్మకానికి కావలసినవి కొనుక్కుని నాతోనే తిరిగొచ్చేది, ఆ సీటు పోయిందన్న ఆలోచన నాకు ఏనాడూ రాలేదు.

తరువాత ఒక వేసవిలో రేట్లు వరుసగా పెరిగాయి. టాంకు నిండా పోయించుకోవడం మానేసి ఏ ట్రిప్పుకు ఆ ట్రిప్పు పోయించుకోవడం మొదలైంది. చార్జీ కొంచెం పెంచితే జనం బస్సుకు పోతామన్నారు, పెంచకపోతే బండి తిప్పి లాభం లేదు. నేను మారిపోయాను. ముసలివాళ్ళను రోడ్డు మీదే దింపేశాను. దారిలో చెయ్యెత్తిన వాళ్ళను చూడనట్టు పోయాను. ఇంటికొస్తే భార్య మీద, పిల్లల మీద, అన్నంలో ఉప్పు మీద అరిచాను. ఒకరోజు అన్నం దగ్గర చిన్నమ్మ ముందే అన్నాను, జీపులో ఎక్కేవాళ్ళంతా డీజిలుకూ అప్పుకూ సరిపోతారు, ఆఖరి సీటు మీదే మన ఇల్లు నడుస్తాండాది అని. ఆమె నా కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది.

ఆ మరుసటి రోజే జరిగింది ఇది. బంకులో రేటు మళ్ళీ మారింది, ఆ కోపం మీదే స్టాండుకొచ్చాను. నా వంతు వచ్చేసరికి జనం పలుచగా ఉన్నారు. చిన్నమ్మ వచ్చి ఎప్పటి చోటనే కూర్చుంది. ఆ రోజు కసురుకోలేదు, పెండ్లి మాట ఎత్తలేదు, కుడిచెయ్యి రొమ్ము కింద అదిమి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను చూశాను. చూడలేదని చెప్పుకోవాలని ఎన్నోసార్లు అనిపించింది గానీ, చూశాను. ఎండ దెబ్బ అనుకున్నాను, ఈ పొద్దు నాటకం సరిగ్గా ఆడటం లేదని కాస్త విసుక్కున్నాను కూడా. బండి నిండడానికి గంటకు పైగా పట్టింది. చివరికి మొగుడూ పెండ్లామూ ఇద్దరు వచ్చారు, ఒక్క సీటే ఉంది. ఆ మొగుడు వెనక జీపు వైపు చూస్తున్నాడు.

"చిన్నమ్మా, నీ గంప కాడ ఎవరో నిలబడుండారు సూడు."

ఆమె కళ్ళు తెరిచి నా వైపు చూసింది. ఏదో అనబోయినట్టు నోరు కదిలింది. తరువాత కమ్మీ పట్టుకుని నెమ్మదిగా దిగింది. అయ్యో నా గంప అని కూడా అనలేదు. నేను గేరు వేసి బండిని కదిలించాను.

నంద్యాలలో తిరుగు ప్రయాణానికి జనం కోసం మళ్ళీ గంటన్నర కాచుకున్నాను. వచ్చేటప్పుడు గోస్పాడు ఇవతల మా స్టాండు జీపు ఒకటి ఎదురుగా లైట్లు వేసుకుని, హారను కొట్టుకుంటూ పోయింది. నేను చెయ్యి ఊపాను. ఎవరో బేరం కుదిరిందని తొందరలో పోతున్నారనుకున్నాను. అందులో చిన్నమ్మ ఉంది.

స్టాండులో దిగగానే టీ అంగడామె ఏడుస్తూ చెప్పింది. ఆ రోజు చిన్నమ్మ అసలు గంపే తేలేదు. తెల్లవారినప్పటి నుంచి రొమ్ములో నొప్పిగా ఉందని, నంద్యాల పెద్దాసుపత్రిలో చూపించుకుని వస్తానని, కొంగున డబ్బులు ముడి వేసుకుని వచ్చింది. జీపు దిగి టీ అంగడి బెంచీ మీద కూర్చుంటే, మరి కొడుకుతో ఏం చెప్పలేదెందుకని ఈమె అడిగిందట.

"పోనీలే వదినా, ఆఖరి సీటు మీదే గదా వాని ఇల్లు నడిచేది. నేను ఎనక బండికి పోతాలే" అన్నదట మా చిన్నమ్మ.

వెనక బండి నిండేలోగా బెంచీ మీదే పక్కకు ఒరిగిపోయింది. అప్పుడు ఎక్కిన వాళ్ళనందరినీ దింపేసి, ఆమె ఒక్కదాన్ని పడుకోబెట్టుకుని మా సాటి డ్రైవరు పోయాడు. డీజిలు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆసుపత్రి మెట్ల దగ్గర దింపేసరికే ప్రాణం లేదు.

మరునాడు స్టాండులో ఒక్క జీపూ నంద్యాలకు పోలేదు. అన్నీ చర్చి ముందు వరుసగా ఆగాయి, సమాధుల తోట దాకా పెట్టె వెనకాల మెల్లగా నడిచాయి. పోయే ఘడియ వస్తే ఎవరూ ఆపలేరని, ఆమెకు అంతే రాసి పెట్టి ఉందని పాస్టరు గారు, చుట్టాలు, అందరూ నాకు చెప్పారు. నేను తల ఊపాను. ఏ గంప దగ్గర ఎవరు నిలబడ్డారని నేనామెను దింపానో వాళ్ళకెవరికీ తెలియదు, టీ అంగడామె తెలిసీ ఎవరికీ చెప్పలేదు. ఇంత కాలం తరువాత మీకు చెబుతున్నాను. ఏడాది తిరగకముందే జీపు అమ్మేశాను, బడి పిల్లల వ్యాను తోలి మిగిలిన సర్వీసు వెళ్ళబుచ్చాను. ఆ వ్యానులో ఎవరి సీటు వాళ్ళది, ఎవరినీ దింపే పని ఉండదు.

ఇప్పుడు ఫోను చేస్తే ఇంటి ముందుకు ఆంబులెన్సు వస్తుంది, జీపులు పోయాయి, మేము తిట్టుకున్న ఆనాటి రేటు ఇప్పటి వాళ్ళకు చెబితే అబద్ధమంటారు. బంకులో సుద్దముక్కతో రేటు రాసే రోజుల నుంచి ఎర్ర అంకెలు వాటంతటవే మారే రోజుల దాకా చూశాను. ఆ రోజులే బాగుండేవని మా ఈడువాళ్ళు అంటుంటే నేను వింటూ కూర్చుంటాను గానీ, అవునని మాత్రం అనలేను.

మొన్న ఆటోలో మేమిద్దరం కూర్చుని ఉండటం చూసి సంచులతో ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కారు, వాళ్ళను చూసి ఇంకో ఇద్దరు ఎక్కారు. చివరకు ఒక పిల్లగాడు వీపున బ్యాగుతో పరిగెత్తుకుంటూ వచ్చాడు. చోటు లేదు. నేను ఊరికే కూర్చున్నానని డ్రైవరు అప్పటికే పసిగట్టి ఉండాలి, ఆ పనిలో ఉన్నవాడికి ఎవరూ చెప్పనక్కర లేదు. నేను దిగబోతున్నాను. అతను వెనక్కి తిరిగి, చెయ్యి అడ్డం పెట్టి అడిగాడు.

"ఉండు పెద్దాయనా. నువ్వు యాడికన్నా పోవల్లనా, ఊరికే కూసున్నావా? పోవల్లంటే కూసో, ఆ పిల్లోడు ఎనక బండికి వస్తాడు."

ఊరికే కూర్చున్నాను నాయనా అని చెప్పి దిగాను. ముసలామె ఒళ్ళో సంచిని దగ్గరికి లాక్కుని ఆ పిల్లగాడికి చోటిచ్చింది. ఆటో నంద్యాల వైపు పోయింది. నేను రోడ్డు దాటి, ఒకప్పుడు టీ అంగడి బెంచీ ఉన్న చోట, ఆ ఆటో కనబడకుండా పోయేదాకా నిలబడ్డాను. డీజిలు ఈ రేటున్న రోజుల్లో, ముక్కూ మొహం తెలియని నన్ను ఆ అబ్బాయి అడిగిన ఆ ఒక్క మాట, నన్ను పెంచిన మనిషిని నేను అడగలేదు.