టార్చాయన చూడని పది నిమిషాలు

సినిమా ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా టార్చాయన కాళ్ళు వాటంతటవే లేస్తాయి. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నా అంతే. కథ కొసకి వచ్చిందని తోచగానే కుర్చీలోంచి లేచి, వీధి తలుపు గడియ తీసి, రెక్క బార్లా తెరిచి, దాన్ని వీపుతో ఆనించి పట్టుకుని నిలబడతాడు. లోపల్నుంచి భార్య కేకేస్తుంది.

"ఏవండీ, ఎవర్ని బయటికి పంపిస్తున్నారు? ఇంట్లో ఉన్నది మనిద్దరమే!"

ఆయన తేరుకుని తలుపు మూసి వచ్చేసరికి తెర మీద పేర్లు పోతూ ఉంటాయి.

ముప్పై నాలుగేళ్ళు ఒకే సినిమా హాల్లో గేటు దగ్గర పనిచేశాడు. టికెట్టు చించి సగం చేతిలో పెట్టడం, ఆలస్యంగా వచ్చినవాళ్ళని టార్చి వెలుగులో సీటు దాకా నడిపించడం, ఆట విడిచే ముందు నాలుగు పక్క తలుపులూ తీసి జనాన్ని తోపులాట లేకుండా పంపడం. వీధివాళ్ళు పెట్టిన పేరు టార్చాయన. ఉద్యోగం మానేసి ఏడేళ్ళయినా ఆ పేరు పోలేదు.

ఆ ఉద్యోగంలో ఒక విచిత్రం ఉంది. మొదటి అరగంట ఆలస్యంగా వచ్చేవాళ్ళతోనే సరిపోతుంది. చివరి పది నిమిషాలూ తెరకి వీపు పెట్టి తలుపుల దగ్గరే. అంచేత ఆయన ఇన్నేళ్ళూ చూసినవన్నీ సినిమాల నడుములే; తలలూ లేవు, కాళ్ళూ లేవు. ఆ నడుములు మాత్రం రోజుకి మూడేసి ఆటల చొప్పున చూసి చూసి కంఠతా వచ్చేశాయి. ఏ ఇంట్లో గోడ గడియారం ఎప్పుడూ నాలుగుంపావే చూపిస్తుందో, ఏడుస్తున్న తల్లి వెనక కిటికీలో ఏ కుక్క పరిగెత్తుతుందో ఆయన్నే అడగాలి.

భార్య హాలుకి వచ్చేది కాదు. చీకటీ, ఆ పెద్ద శబ్దమూ కలిస్తే పావుగంటలో కణతలు పగిలిపోయేవి ఆమెకి. ఆసుపత్రి బట్టల గదిలో దుప్పట్లు ఉతికి మడత పెట్టే పని ఆమెది. ఇద్దరికీ తీరిక పొద్దుటిపూటే. ఇంటి దుప్పట్లు దండెం మీంచి తీసి, రెండు కొసలు ఆమె, రెండు కొసలు ఆయన పట్టుకుని మడత పెట్టేటప్పుడు ఆయన సినిమా కథ చెప్పేవాడు. పెళ్ళయిన కొత్తల్లో మొదటిసారి చెప్పినప్పుడు నడుము అయిపోగానే ఆగాడు. ఆమె కొసలు పట్టుకుని అలాగే నిలబడింది.

"తర్వాత?"

తర్వాత ఏమైందో ఆయనకి తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. సినిమా హాల్లో పనిచేసేవాడికి సినిమా తెలియదంటే ఎలా? ఆట విడిచాక బయటికి వచ్చిన ముఖాలు గుర్తు తెచ్చుకున్నాడు. నవ్వుతూ వచ్చారు కాబట్టి పెళ్ళయింది అన్నాడు. ఆమె సంతోషపడి దుప్పటి మడిచింది. ఇక అదే అలవాటైపోయింది. నవ్వుతూ వస్తే పెళ్ళి. మౌనంగా వస్తే చావు. కళ్ళు తుడుచుకుంటూ వస్తేనే చిక్కు. ఏడుపు చావుకీ వస్తుంది, కలయికకీ వస్తుంది. ఆయన ఎప్పుడూ కలయిక వైపే మొగ్గేవాడు.

ఇన్నేళ్ళూ ఇబ్బంది రాలేదు. మొన్న కూతురు పెద్ద టీవీ కొనిచ్చి, పేరు చెబితే పాత సినిమా వచ్చేలా అమర్చి వెళ్ళింది. భార్య కిటికీ తెరలు తీసి, శబ్దం తగ్గించి, మధ్యాహ్నం పూట రోజుకొకటి చూడటం మొదలుపెట్టింది. అన్నీ ఆయన చెప్పినవే.

మొదటి దాంట్లో టోపీ మనిషి ఉన్నాడు. ఆయన చూసిన నడుములో ఆ టోపీ మనిషి దేవుడిలాంటివాడు. ముసలివాళ్ళని రోడ్డు దాటిస్తాడు, పంతులమ్మకి గొడుగిస్తాడు. ఇప్పుడు మొదటినుంచీ చూస్తే వాడు మొదటి పదిహేను నిమిషాల్లోనే ఒక హత్య చేశాడు. చివర్లో ఉరితీశారు.

"ఏవండీ, మీరు వీడికి పంతులమ్మతో పెళ్ళి చేశారు కదా?" అంది భార్య.

"చేశానా?"

"చేశారు. ఇద్దరు పిల్లలు కూడా పుట్టారన్నారు."

"అది ఇంకో సినిమా అయ్యుంటుందే."

ఆయన మాటవరసకి అనలేదు, నిజంగానే అలా అనుమానం వచ్చింది. ఆ సాయంత్రమంతా ఇంకో ఆలోచన పట్టుకుంది. అప్పట్లో గొడుగిస్తూ టోపీ మనిషి చెయ్యి వణికేది. ఎందుకు వణుకుతోందా అని ఆయన గేటు దగ్గర నిలబడి వారాల తరబడి ఆలోచించాడు. మనసులో ఎన్నో కారణాలు కట్టాడు. ఇప్పుడు అసలు కారణం తెలిసింది. తెలిశాక ఆ వణుకు చిన్నదైపోయినట్టనిపించింది. పూర్తిగా చూడటమంటే ఇదేనా? ఇంత జనం కొనుక్కుని వెళ్ళింది ఇదేనా?

రెండోది తప్పిపోయిన పిల్ల కథ. ఆయన చెప్పినదాని ప్రకారం ఆ పిల్ల రైలు స్టేషన్లో బల్ల మీద నిద్రపోతూ అమ్మమ్మకి దొరుకుతుంది. సినిమాలో దొరకలేదు. ఖాళీ ఉయ్యాల ఒకటి ఊగుతూ ఉండగా అయిపోయింది. ఆయన మామూలుగానే వీధి తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. భార్య ఈసారి కేకెయ్యలేదు. లేచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఆ పిల్ల దొరికిందని బట్టల గదిలో పదిమందికి చెప్పాను నేను. ఒకావిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది."

అప్పుడు చెప్పాడు. చివరి పది నిమిషాలు ఒక్కటీ తను చూడలేదని, తలుపుల దగ్గర ఉండేవాణ్ణని.

"ఎవర్నయినా అడగచ్చుగా?"

"అడిగాను ఒకటి రెండుసార్లు. ఒకడు చెప్పింది ఇంకొకడు చెప్పలేదు."

"అయితే అన్నీ కల్పించినవేనా?"

"అన్నీ అంటే..."

ఆమె ముఖం చూసి ఆయనకి అర్థమైంది, అన్నీ కాదు, ఒకదాని గురించే అడుగుతోందని.

అది అక్కాచెల్లెళ్ళ సినిమా. తమ పెళ్ళి కుదిరినప్పుడు భార్య అక్క నలుగురిలో ఒక మాట అంది: "చీకట్లో దారి చూపించేవాడు తప్ప నీకింకెవరూ దొరకలేదా?" భార్య నాలుగేళ్ళు ఆ అక్క గడప తొక్కలేదు. ఆ రోజుల్లోనే హాలుకి ఆ సినిమా వచ్చింది. ఒకే మేడలో కింద చెల్లెలు, పైన అక్క. మాటల్లేవు. చెల్లెలు రోజూ మెట్ల మీద ఒక గిన్నె మూతపెట్టి ఉంచుతుంది. అక్క ఖాళీ గిన్నె తిరిగి అక్కడే పెడుతుంది. ఆయన చెప్పిన ముగింపు ఇది: చివరికి చెల్లెలు పైకెళ్ళి తలుపు తడుతుంది, రెండోసారి తట్టకముందే అక్క తలుపు తీస్తుంది. మర్నాడే భార్య వెళ్ళి అక్క తలుపు తట్టింది. రెండోసారి తట్టకముందే తెరుచుకుంది. ఇంటికొచ్చి, "అచ్చం మీరు చెప్పినట్టేనండీ," అని ఏడ్చింది. అక్కతో మాత్రం అనలేదు, సినిమా కథ విని వచ్చానంటే చులకన అని. అప్పట్నుంచీ వాళ్ళిద్దరూ ఒకరు లేకుండా ఒకరు లేరు.

"ఆ ఒక్కటీ నిజమే కదండీ?" అంది భార్య.

నిజమే అందామనుకున్నాడు. గడియ మీద చెయ్యి, తలుపు సందులోంచి పడిన వెలుగు, అన్నీ కళ్ళకి కట్టినట్టున్నాయి. ఒకసారి జ్వరమొచ్చి తలుపుల పని ఇంకొకరికి అప్పగించి, వెనక బల్ల మీద చివరిదాకా కూర్చున్న గుర్తు కూడా ఉంది. అది ఆ సినిమాకా, ఇంకోదానికా? చూసి చెప్పాడా, చెప్పి చెప్పి చూసినట్టయిందా?

"చూద్దాం," అన్నాడు.

"చూద్దామేంటి? రేపు అక్కని పిలిచాను. ఈ సినిమా చూపించి, ఆరోజు నీ ఇంటికి నన్ను పంపింది ఇదేనని చెబుదామనుకున్నా."

మర్నాడు మధ్యాహ్నం వదినగారు చేతిసంచీ ఊపుకుంటూ వచ్చి సోఫాలో చతికిలబడ్డారు. ఆయన టీవీ వెనకాల వంగి ఏదో చేస్తున్నాడు.

"ఏం మరిదీ, ఆ తీగెందుకు పీకుతున్నావు?"

"వదులైనట్టుంటే చూస్తున్నా వదినా."

"వదులైంది తీగ కాదులే. ఇలా వచ్చి కూర్చో."

భార్య వచ్చి తీగ మళ్ళీ గుచ్చింది.

ఆ సినిమా మొదలు ఆయన మొట్టమొదటిసారి చూశాడు. ఆ అక్కాచెల్లెళ్ళు ఎందుకు విడిపోయి ఉంటారని ఒకప్పుడు ఎంత ఆలోచించాడో! ఏదో ఘోరమైన ద్రోహం జరిగి ఉంటుందనుకున్నాడు. తీరా చూస్తే ఒక కిటికీ. వాన పడుతుంటే మూస్తానని ఒకరు, ఉండనీ అని ఇంకొకరు. ఇంతేనా? అని పక్కకి చూశాడు. వదినగారు ఇంతే అన్నట్టు తలాడిస్తున్నారు. ఆయనకి అదోలా అనిపించింది గానీ ఎందుకో పట్టుకోలేకపోయాడు. ఇంతలో ఆయన ఎరిగిన నడుము మొదలైంది. గిన్నె, మెట్లు, ఖాళీ గిన్నె. ప్రాణం కుదుటపడింది.

చెల్లెలు మెట్లెక్కడం మొదలుపెట్టగానే ఆయన కాళ్ళు లేచాయి. చొక్కా వెనక్కి లాగినట్టయింది. భార్య అంచు పట్టుకుని ఉంది.

"కూర్చోండి."

కూర్చున్నాడు. తెర మీద చెల్లెలు తలుపు తట్టింది. మళ్ళీ తట్టింది. లోపల అక్క గడియ మీద చెయ్యి పెట్టి నిలబడింది. అలాగే నిలబడింది. మూడోసారి కూడా తట్టి, చెల్లెలు మెట్లు దిగిపోయింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. మెట్ల మీద గిన్నె ఒక్కటే ఉంది. పేర్లు మొదలయ్యాయి.

భార్య చొక్కా అంచు వదల్లేదు.

"అక్కా, నీకో మాట చెబుదామని ఈ సినిమా పెట్టాను. ఇప్పుడెలా చెప్పాలో తెలీట్లేదు," అంది. మొత్తం చెప్పేసింది: దుప్పట్లు, నడుములు, ఆయన కట్టిన ముగింపు, మర్నాడు తను బయల్దేరడం.

వదినగారు కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు.

"నేనీ సినిమా అప్పుడే చూశానే," అన్నారు. "మీ హాల్లోనే. ఏం మరిదీ, గుర్తు లేదూ? నా టికెట్టు చించింది నువ్వే. తలెత్తితే ఒట్టు."

"చూశావా? మరి నాతో అనలేదేం?" అంది భార్య.

"ఏమని అనను? ఆ తర్వాత రెండు రోజులకి నువ్వొచ్చి తలుపు తట్టావు. వంటింట్లో చేతులు కడుగుతున్నా. నువ్వేనని ఆ తట్టడంలోనే తెలిసింది. గడియ మీద చెయ్యి పెట్టి నిలబడిపోయిన ఈ మహాతల్లే కళ్ళముందుకొచ్చింది. తడి చేతుల్తోనే పరిగెత్తా."

"తలెత్తాను వదినా," అన్నాడు టార్చాయన, అప్పుడే గుర్తొచ్చినట్టు. "లోపలికి వచ్చేటప్పుడు కాదు. ఆట విడిచాక. మీరు కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. వదినే ఏడుస్తుంటే అక్కాచెల్లెళ్ళు కలిసే ఉంటారనుకున్నా."

"అందుకని కలిపేశావా?"

"అందుకే."

వదినగారు నవ్వబోయి ఆగిపోయారు. ఒక ఏడుపు చూసి ఆయన కథకి ముగింపు కట్టాడు. ఆ కథ విని ఒకామె బయల్దేరింది. ఆ ఏడ్చినావిడే తలుపు తీసింది. ఎవరు ఎవర్ని పంపినట్టు? ఆయన వేళ్ళ మీద లెక్క చూసుకుంటున్నట్టు రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ మధ్యలోనే తప్పిపోయాడు.

వదినగారు వెళ్ళడానికి లేచారు. ఆయన ముందే వెళ్ళి తలుపు తెరిచి, వీపుతో ఆనించి, అలవాటు కొద్దీ ఆవిడ ముఖంలోకి చూశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. దాన్నిబట్టి లోపల ఏం జరిగిందో చెప్పమంటే మాత్రం ఆయన చెప్పలేడు, లోపలే ఉండి చూశాడు గదా, అయినా.

"ఏంటి మరిదీ, నా మొహం మీద సినిమా ఆడుతోందా?"

"అర్థం కావట్లేదు వదినా."

"అప్పుడు మాత్రం అర్థమైందా?" అంటూ మెట్లు దిగిపోయారు.

తలుపు మూసి వచ్చేసరికి భార్య దండెం మీంచి దుప్పటి లాగి తెచ్చి రెండు కొసలు ఆయన ముందుకి చాపింది. పట్టుకున్నాడు. మడత పడుతుండగా ఇద్దరూ దగ్గరికొచ్చారు. ఆమె ముఖంలో కోపముందో లేదో వెతికాడు. నవ్వు లేదు, ఏడుపూ లేదు, చావు సినిమాల మౌనమూ లేదు. అలాంటి ముఖాలకి ఆయన దగ్గర ముగింపు లేదు.

"తిట్టాలో, ఏం చెయ్యాలో నాకూ తెలీట్లేదండీ," అంది ఆమె కొసలు అందుకుంటూ. "రేపట్నుంచి సినిమా అయ్యేదాకా మీరు తలుపు దగ్గరికి వెళ్ళడానికి వీల్లేదు."

"సరే."

"ఇంకోటి. ఆ పిల్ల మాత్రం దొరికింది. అంతమందికి చెప్పాను. అది నేను మార్చను."