బదులు నాట్లు

నేను పెళ్లయి బాన్సువాడ దగ్గర వలస రైతుల క్యాంపుకు వచ్చేనాటికి మా అత్తవారు కోస్తా నుంచి వచ్చి కాలవ కింద స్థిరపడి చాలా ఏళ్లయింది. నాకు మాత్రం ఇక్కడ అంతా కొత్త. మొదట దగ్గరైన మనిషి తండా అక్క. మా గట్టు అవతలే ఆమె పొలం. వాళ్ల నాట్లకు మేం వెళ్లేవాళ్లం, మా నాట్లకు వాళ్లు వచ్చేవారు. బదులు పోవడం అనేవాళ్లు దాన్ని. అక్క తన భాషలో పాట ఎత్తుకుంటే, అర్థం తెలియకపోయినా నేనూ గొంతు కలిపేదాన్ని.

ఒక వానాకాలం సరిగ్గా నారు అందివచ్చే వేళకు మా అమ్మ పోయింది. ఇంటిల్లిపాదీ ఊరెళ్లాం. కర్మ ముగించుకుని, నారు ముదిరిపోయి ఉంటుందనుకుంటూ వచ్చేసరికి పొలమంతా నాటి ఉంది. అక్క దగ్గరికి పరుగెత్తాను.

"నారు ఆగుతదా చెల్లె? నువ్వు మీ అమ్మ కోసం ఏడుస్తుంటివి. గీ పని మేం జేసినం," అంది. ఆమె భుజం మీద తల పెట్టి అప్పుడు ఏడ్చాను, ఊళ్లో కూడా అంతగా ఏడవలేదు.

ఇప్పుడు నాట్లకు బీహార్ కుర్రాళ్లు వస్తున్నారు. మంచి పనివాళ్లే. టీ ఇస్తే నవ్వుతారు, అంతకుమించి మాటల్లేవు. మోకాళ్లు అరిగిపోయి అక్క తండా దాటి రావడం మానేసింది. ఈ ఏడు నాట్లయ్యాక చూడటానికి వెళ్లాను.

"అయినయా నాట్లు?"

"అయ్యాయక్కా. ఓ మూల పలచబడింది, మళ్లీ పిలిస్తే వస్తారో రారో."

"గాళ్లెందుకు? మనం లేమా?"

మర్నాడు కొడుకు బండి మీద వచ్చి దిగింది. వంగలేకపోవడంతో గట్టు మీద కూర్చుని నారు విడదీసి అందించింది. నేను నాటాను.

"ఏంది గంత దగ్గర దగ్గర పెడుతున్నవ్? మర్చిపోయినవా?"

"మర్చిపోయానక్కా. చూపించేవాళ్లేరీ?"

నవ్వి, పాట ఎత్తుకుంది. సగంలో ఆయాసం వచ్చి ఆగితే, మిగతాది నాకు తోచినట్టు పాడాను. మాటలన్నీ తప్పులేనట, కడుపు పట్టుకుని నవ్వింది.

నడుం ఎత్తి చూస్తే మూల నిండిపోయింది. అవతల అక్క కొడుకు బండి వచ్చి హారన్ కొడుతోంది. ఇంకాస్త ఖాళీ మిగిలి ఉంటే బాగుండుననిపించింది.