జాకీల బాబాయి వెనక గోడ

ఇళ్లను ఎత్తడం జాకీల బాబాయి పని. గోడల కింద తొలిచి, వరసగా జాకీలు పెట్టి, మనుషులంతా ఆయన కేకకు ఒక్కసారిగా తిప్పితే ఇల్లు వెంట్రుకవాసి చొప్పున పైకి లేస్తుంది. లోపల గోడకున్న అద్దం కూడా కదలదు. సముద్రం ఏటేటా ముందుకొస్తున్న ఆ వీధిలో ఇంతకన్నా గిరాకీ ఉన్న పని లేదు. ఒకప్పుడు తుఫాను వస్తేనే నీళ్లొచ్చేవి. ఇప్పుడు చక్కగా ఎండ కాస్తున్నా సరే, పోటు ఎక్కువైతే చాలు, మురుగుకాల్వల్లోంచి ఉప్పునీళ్లు ఉబికి పిలవని చుట్టంలా గుమ్మంలో కూర్చుంటున్నాయి.

వీధిలో ఇంకా నిలిచి ఉన్న ఇళ్లన్నీ బాబాయి ఎత్తినవే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఆయనది. పైగా ఎత్తించుకున్నవాళ్లంతా వాకిళ్లలో మట్టి పోయించుకోవడంతో, ఆ నీళ్లన్నీ జారి బాబాయి పెరట్లోకే చేరుతున్నాయి.

"నా పనితనం చూశారా? వీధిలో నీళ్లన్నీ మా ఇంటికే మళ్లించా," అని తన మీద తనే జోకులేసుకునేవాడు. మరి మీ ఇల్లెప్పుడని అడిగితే, "ముందు నన్ను మంచం మీంచి లేపే జాకీ కనిపెట్టండి, తర్వాత చూద్దాం," అనేవాడు. బద్ధకస్తుడన్న పేరు ఆయనకు హాయిగానే ఉండేది. దాని చాటున దాక్కోవచ్చు.

అసలు సంగతి వేరు. ఏ ఇంటికి జాకీ పెట్టాలన్నా ముందు బాబాయి వేలి కణుపులతో గోడలన్నీ కొట్టి చూడాలి. చప్పుడు గట్టిగా వస్తే ఇల్లు లేస్తుంది. డొల్లగా వస్తే లోపల ఉప్పు తినేసినట్టే, ఎత్తితే విరుగుతుంది. అలాంటి ఇంటివాళ్లకు "వదులుకోండి" అని చెప్పే ధైర్యం ఆయనకు ఏనాడూ లేదు. కొంపలకు కొంపలు ఎత్తే మొనగాడు ఆ ఒక్క మాట ఎత్తలేక, మేస్త్రీని లోపలికి పంపి, తను వీధి చివర నిలబడి సిగరెట్టు కోసం జేబులు తడుముకునేవాడు. సిగరెట్లు మానేసి చాలా ఏళ్లయింది.

సొంతింటి వెనక గోడను మాత్రం ఆయన ఇంతవరకూ కొట్టి చూడలేదు.

ఒక ఆదివారం పొద్దున పనివాళ్లంతా జాకీలు మోసుకుని ఆయన గుమ్మంలో దిగారు.

"ఇవాళ మీ ఇల్లే బాబాయ్. కూలి వద్దు, కాదంటే ఊరుకోం," అన్నాడు మేస్త్రీ.

తప్పించుకునే దారి లేదు. బాబాయి ముందు గది గోడ కొట్టాడు. గట్టిగానే పలికింది. పక్క గోడా ఫరవాలేదు.

"ఇక చాల్లే, మొదలుపెట్టండి."

"వెనక గోడ కొట్టలేదు. ఒక్క గోడ వదిలేసినా కొంప మీద పడుతుందని తిట్టి మరీ నేర్పింది మీరే కదా."

ఇంత బాగా నేర్పి ఏడ్చానే అని తనను తాను తిట్టుకుంటూ బాబాయి పెరట్లోకి నడిచాడు. పెరటి గుమ్మం ముందు ఆయన భార్య పోసుకున్న జానెడు గట్టు ఉంది. దాన్ని దాటినప్పుడల్లా "సముద్రాన్ని ఆపే ఇంజనీరమ్మ" అని ఆమెను ఆటపట్టించడం అలవాటు. ఈసారి దాని వైపు చూడకుండానే దాటాడు.

ఆమె చీపురు పట్టుకుని వెనక గోడకే వీపు ఆనించి నిలబడి ఉంది.

"జరగవే, కొట్టి చూడాలి."

"కొట్టకపోతేనేం?"

అయినా ఆమె భుజం పక్కనుంచి చెయ్యి పోనిచ్చి కొట్టాడు. డొల్ల. వేళ్లు తగిలిన చోట గోడ పిండిలా రాలింది.

ఇంటివాళ్లకు చెప్పడానికి అలవాటుగా రెండడుగులు వేసిన మేస్త్రీ, ఎక్కడున్నాడో గుర్తొచ్చి ఆగిపోయాడు. బాబాయి చెయ్యి జేబులోకి వెళ్లింది.

"మరి ఇంటివాళ్లకి ఎవరు చెప్తారు?" అంది ఆమె.

"ఇంటాయనకి ఎప్పట్నుంచో అనుమానమే. పిరికి వెధవ, బద్ధకమని చెప్పుకు తిరిగాడు."

"ఇంటావిడకి అనుమానం కూడా లేదు. రోజూ తెల్లారి నువ్వు లేవకముందే ఈ పొడి ఊడుస్తున్నది ఎవరనుకున్నావు?"

"నాకెందుకు చెప్పలేదే?"

"పక్కవాళ్లకి చెప్పాలంటేనే వీధి చివరికి పారిపోతావు. సొంతింటి మాటంటే ఎక్కడిదాకా పోతావోనని ఊరుకున్నా."

బాబాయికి నవ్వొచ్చింది, నవ్వుతోపాటే ఏడుపూ వచ్చింది.

"అంత పొడీ ఏం చేశావు?"

ఆమె గుమ్మం వైపు చూసింది. ఆయనా చూశాడు. ఇన్నాళ్లూ వెక్కిరిస్తూ దాటిన గట్టు అది. సున్నం పెచ్చులు, ఇటుక పొడి. ఆయన ఇల్లే గుప్పెడు గుప్పెడుగా రాలి, నీళ్లకు అడ్డంగా పడుకుని ఉంది.

"వదులుకోవాలే," అన్నాడు. ఆ మాట తన నోటితో అనడం ఆయనకు అదే మొదలు.

"వదులుకుందాం. ఇవాళే కాదుగా."

పనివాళ్లు చప్పుడు చేయకుండా జాకీలు సర్దుకుంటున్నారు. బాబాయి ఆమె చేతిలోంచి చీపురు తీసుకుని, ఇప్పుడు రాలిన పొడి ఊడ్చి, చేటలోకెత్తి గట్టు మీద పోశాడు. అరచేత్తో అదిమాడు.

"సాయంత్రం పోటుంది," అన్నాడు.